నాన్నను చివరిదాకా ఇంట్లోనే చూసుకోగలిగాం, మీ అందరి వల్ల

నాన్న పెద్దకర్మకు వచ్చినవారిలో చాలామందితో ఆ రోజు రెండు మాటలు కూడా మాట్లాడలేకపోయాను. ఆ వెంటనే అమ్మ పెన్షన్ కాగితాల పని మొదలైంది. ఇప్పుడు అదీ ఒక కొలిక్కి వచ్చింది. ఒడిశాలోని మా పర్లాకిమిడిలోనూ, సరిహద్దు అవతల ఆంధ్రాలోని పాతపట్నంలోనూ మాకు అండగా నిలిచిన వారందరికీ అమ్మ తరఫునా నా తరఫునా కృతజ్ఞతలు చెప్పుకోవడానికి ఇది రాస్తున్నాను.

నాన్న 1963లో సైన్యంలోని ఇంజనీరింగ్ దళమైన మద్రాస్ సాపర్స్‌లో చేరి నాయబ్ సుబేదారుగా రిటైరయ్యారు. 1971 డిసెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధంలో, శకర్‌గఢ్ సెక్టారులో, బసంతర్ నది దగ్గర మన ట్యాంకుల కోసం మందుపాతరలు తొలగించి దారి చేసిన సాపర్లలో ఆయనా ఒకరు. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. అన్నిటికంటే ఆయనను ఎక్కువ బాధపెట్టింది కూతురి చేత ఒళ్లు కడిగించుకోవలసి రావడం. మాట సరిగా రాక ఏమీ అనేవారు కాదు, గోడ వైపు మొహం తిప్పుకునేవారు. నేను ఎవరితోనూ చెప్పలేదు. అయినా మన మాజీ సైనికులు గ్రహించారు. వంతులు వేసుకుని పొద్దున్నే వచ్చి, ఒళ్లు తుడిచి, గడ్డం గీసి, ఉతికిన చొక్కా తొడిగి వెళ్లేవారు. వాళ్లలోనూ డెబ్బై దాటినవారు ఉన్నారు. మోకాళ్ల నొప్పులతోనే మా మెట్లెక్కారు. నాన్నకు తన ఇంట్లో తన మర్యాద దక్కిందంటే అది మీ చలవే.

ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంటుగా చేసి వచ్చిన ఒడియా అన్నయ్య గురించి కాస్త ఎక్కువే రాయాలి. నాన్నను 'సాబ్' అని పిలుస్తూ, మాతో చక్కని తెలుగులో మాట్లాడుతూ, ఆయన మాకు నేర్పిన పనులు ఏ ఆసుపత్రిలోనూ ఎవరూ అంత ఓపికగా చెప్పలేదు. గాలి పరుపు తెచ్చాం కదా, ఇక ఫరవాలేదని మేమనుకుంటే, పరుపు ఉన్నా రెండు గంటలకోసారి మనిషిని ఒక పక్క నుంచి మరో పక్కకు మార్చాల్సిందేనని పట్టుబట్టారు. మనిషిని పక్క మీద ఈడ్చకూడదు, చర్మం ఒరుసుకుపోతుంది. కింద మడిచి పరిచిన దుప్పటిని ఇద్దరు రెండు వైపులా పట్టుకుని ఎత్తి జరపాలి. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాలిలో ఉండేలా చూడాలి. నడుము కింద, తుంటి దగ్గర, మడమల మీద రోజూ చూసుకోవాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కితే ఆ ఎరుపు పోకపోతే పుండు మొదలవుతోందని అర్థం. అన్నం పెట్టేటప్పుడు కూర్చోబెట్టాలి, తిన్నాక అరగంట వరకు పడుకోబెట్టకూడదు. పలచటి మజ్జిగ పొలమారుతుంటే చిక్కటి జావ పట్టించమన్నారు. చివరిదాకా నాన్న ఒంటి మీద ఒక్క పుండు లేదు. మంచం పట్టిన పెద్దవాళ్లున్న ఇంట్లో ఇది ఎంత పెద్ద విషయమో అనుభవించినవారికి తెలుసు. డబ్బు మాట ఎత్తితే ఆయనకు కోపం వచ్చేది, అందుకే ఇక్కడ బాహాటంగా దండం పెడుతున్నాను.

వ్యాయామం చేయించడానికి ఇంటికే వచ్చిన ఫిజియోథెరపీ అమ్మాయికి, దారిన పోతూ బీపీ చూసి వెళ్లిన ఆశా దీదీకి, పాలీక్లినిక్ నుంచి మందులు తెచ్చిపెట్టిన పక్కింటి తమ్ముడికి, అమ్మకు ఒడియా చదవడం రాదని ఏ మాత్ర ఎప్పుడు వేయాలో తెలుగులో రాసి గోడకు అంటించిన టీచరు గారికి పేరుపేరునా కృతజ్ఞతలు.

నాన్న పోయాక అమ్మ భయం వేరు. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ కార్డు కూడా ఆయనతోనే పోతుందని ఆమె అనుకుంది. కుటుంబ పెన్షన్ తీసుకునే భార్యకు ఆ వైద్య సదుపాయం కొనసాగుతుందని పాతపట్నం సుబేదార్ మేజర్ గారు వచ్చి చెప్పాకే ఆమె కడుపునిండా భోంచేసింది. సర్వీసు రికార్డులో అమ్మ పేరు ఒక రకంగా, ఆధార్‌లో మరో రకంగా ఉంది. రికార్డులో పుట్టిన తేదీ లేనే లేదు. ఒక కార్యాలయంలో కాగితాలు చూడకుండానే తిప్పి పంపేశారు. సుబేదార్ మేజర్ గారే బెంగళూరులోని రికార్డ్స్ ఆఫీసుకు ఏమేం పంపాలో దగ్గరుండి సిద్ధం చేయించారు, సైనిక పెన్షన్ల ఆన్‌లైన్ వ్యవస్థ స్పర్శ్‌లో అన్నీ సరిగా పడేదాకా వెంటపడ్డారు. పుట్టిన తేదీ ఇప్పుడే ఎక్కించాలని ఆయన అంత పట్టుపట్టడానికి కారణం ఉంది. 80 నిండాక కుటుంబ పెన్షన్ మీద 20 శాతం అదనంగా వస్తుంది. 85కి 30, 90కి 40, 95కి 50 శాతం, నూరేళ్లు నిండితే పూర్తిగా మరో అంత. తేదీ లేకపోతే ఆ పెంపు దగ్గర పని ఆగిపోతుంది. ఎనభై దాటిన ఆమెను అప్పుడు కార్యాలయాల చుట్టూ తిప్పడం ఎవరి తరం? భర్త బతికుండగానే ఈ వివరాలు చూసుకోమని ప్రతి మాజీ సైనికుడి ఇంటికీ నా విన్నపం.

ఆ పనిలో ఉండగానే, నాన్న మంచాన ఉన్నప్పుడు అమ్మకు రాత్రుళ్లు తోడు పడుకున్న మా వీధి పిన్ని సంగతి కూడా సుబేదార్ మేజర్ గారు పట్టించుకున్నారు. ఆమె భర్త పెన్షన్‌కు అర్హత రాకముందే సైన్యం నుంచి వచ్చేసిన సిపాయి. హవల్దారు హోదా వరకు పనిచేసి పెన్షన్ లేని 65 ఏళ్లు పైబడిన మాజీ సైనికులకు, వారి వితంతువులకు కేంద్రీయ సైనిక బోర్డు ద్వారా సాయం అందుతుంది. నెలకు 4,000 ఉన్నదాన్ని 2025లో 8,000 రూపాయలు చేశారు. జిల్లా సైనిక బోర్డు ద్వారా పిన్ని దరఖాస్తు వెళ్లింది. ఆ సాయం త్వరగా మంజూరు కావాలని మనసారా కోరుకుంటున్నాను.

పెన్షన్ తీసుకునే మనిషి బతికే ఉన్నారని చూపే లైఫ్ సర్టిఫికెట్ కోసం ఇంటికి వచ్చిన పోస్ట్‌మ్యాన్ గారికి కూడా నమస్కారాలు. జీవితమంతా గిన్నెలు తోమి అరిగిన అమ్మ వేలిముద్రలను మెషీను తీసుకోలేదు. ఆయన విసుక్కోకుండా ఫోనులో ముఖం చూపించే పద్ధతిలో పని పూర్తి చేశారు. పోస్టల్ బ్యాంకు ఈ సేవకు 70 రూపాయలు తీసుకుంటుంది. మంచం దిగలేని వారున్న ఇళ్లవాళ్లు పోస్టాఫీసులో అడగండి, వస్తారు.

నాన్న గాలి పరుపు, చక్రాల కుర్చీ, మంచం పక్కన వేసే టేబులు శుభ్రం చేసి ఉంచాం. మాజీ సైనికుల కుటుంబాలే కానక్కరలేదు, సరిహద్దుకు ఇవతలివారైనా అవతలివారైనా అవసరమున్నవారు మన మాజీ సైనికుల్లో ఎవరికి చెప్పినా తెచ్చి ఇస్తారు. అద్దె, డిపాజిట్ ఏమీ లేవు. పక్క మార్చడం చూపించడానికి నేను కూడా వస్తాను.