మంత్రి గారూ, సోషల్ ఆడిట్లో తేలిన మా డబ్బులు యాడికి పొయ్యాయి?

గౌరవనీయులైన పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. నెల్లూరు జిల్లా ఉదయగిరి వైపు మెట్ట గ్రామం మాది. ఊరి పేరు, మండలం పేరు కావాలనే రాయట్లేదు, ఎందుకనేది చదివితే మీకే అర్థమవుద్ది. కలెక్టరేట్లో సోమవారం గ్రీవెన్స్‌కి మూడుసార్లు పొయ్యి అర్జీ ఇచ్చొచ్చాం. పొద్దున్నే బస్సెక్కితే రాత్రికి ఇంటికి, ఆ రోజు కూలి పాయె. మూడుసార్లూ ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కరించబడినది అని. ఏం పరిష్కరించారో ఎవరూ చెప్పలా.

మా అమ్మ ఉపాధి కూలీ సార్. 2024 మే నెలలో చెరువుకి నీళ్ళొచ్చే కాలవలో పూడిక తీసే పనికి పొయ్యింది. మా నేలలు మీకు తెలీదేమో, వానలేని ఏడు గడ్డపార దిగదు, దిగినా రాయి తగిలి చెయ్యి జివ్వుమంటది. తెల్లారి ఐదింటికి చద్దన్నం మూటగట్టుకుని పోతే ఎండెక్కేసరికి వచ్చి పడిపొయ్యేది. 12 రోజులు పని చేసింది. బ్యాంకులో పడింది 7 రోజులకి, అది కూడా 300 రేటు అని చెప్పి 190 లెక్కన. అడిగితే కొలతల్లో తక్కువొచ్చింది, కొలతలు నా చేతుల్లో లేవు అన్నాడు ఊళ్ళో ఉపాధి పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంట్. కొలతలు తీసే టీఏని, అంటే టెక్నికల్ అసిస్టెంట్‌ని అడిగితే మస్టర్ (హాజరు పట్టీ) నేను రాయను అన్నాడు.

పోయినేడు సోషల్ ఆడిట్ టీం వచ్చింది, అంటే ఉపాధి పనుల లెక్కలు ఊళ్ళోనే జనాన్ని అడిగి తనిఖీ చేసేవాళ్ళు. వేరే ఊళ్ళ పిల్లలు, నా వయసువాళ్ళే. స్కూల్లో పడుకున్నారు, సొంతంగా వండుకు తిన్నారు, ఫీల్డ్ అసిస్టెంట్ ఇంట్లో టీ నీళ్ళు కూడా తాగలా. ఇల్లిల్లూ తిరిగి మస్టర్ కాగితాలు చదివి వినిపించారు. అప్పుడు తెలిసింది మాకు, అమ్మ మట్టి మోసిన అదే కాలవలో అదే వారం బెంగుళూరులో కాపురముండే మా వీధి అబ్బాయి, చెన్నైలో హోటల్లో పనిచేసే ఇంకొకాయన కూడా పనిచేసినట్టు సంతకాలున్నాయని. పని దగ్గర ఫోటో తీసి హాజరు వేసే ఎన్ఎంఎంఎస్ యాప్‌లో ఫోటో కూడా ఉంది, అందులో మనుషులు వేరే. ఒక రైతు చేలో నీటికుంట తవ్వినట్టు ఎం బుక్కులో, అంటే పని కొలతల పుస్తకంలో కొలతలు రాసున్నాయి, వీళ్ళు పొయ్యి టేపు పెట్టి కొలిస్తే అందులో సగం లోతు లేదు.

గ్రామసభలో ఇదంతా చదివి, ఎవరైనా చెప్పేదుంటే చెప్పండి అన్నారు. ఎవరూ నోరు తెరవలా సార్. అందరికీ తెలుసు, అయినా ఎవరూ లేవలా. మా అమ్మ లేచింది. నేనే లెయ్యమన్నా. నీ పన్నెండు రోజులు నువ్వు చెప్పకపోతే ఎవరు చెప్తారే అని చెవిలో గొణిగా. మైకు పట్టుకోవడం కూడా రాదు, రెండు చేతులతో పట్టుకుని చెప్పింది, నేను చేసింది ఇన్ని రోజులు, నాకు పడింది ఇంత, ఈ పేరుగలోళ్ళని నేను కాలవలో ఒక్కరోజు కూడా చూళ్ళేదు అని. ఆ తర్వాత ఇంకో నలుగురు ఆడోళ్ళు లేచారు.

ఆడిట్‌లో తేలినవి ఆఫీసర్లు అందరి ముందూ విచారించే ప్రజావేదిక మండలంలో పెట్టినప్పుడు కూడా మేం ఆటో మాట్లాడుకుని పొయ్యాం. స్టేజి మీద పెద్ద ఆఫీసరు గారు మైకులోనే చెప్పారు, డబ్బు రికవరీ పెడుతున్నాం, ఫీల్డ్ అసిస్టెంట్‌ని పక్కన పెడుతున్నాం అని. చప్పట్లు కొట్టాం సార్. అమ్మ ఆ రోజు దారంతా నవ్వుతానే ఉంది.

రెండు నెలలు తిరక్కముందే అదే ఫీల్డ్ అసిస్టెంట్ మళ్ళీ పనిలో ఉన్నాడు. ఎట్ట వచ్చాడంటే ఎంక్వైరీలో ఏమీ తేలలేదంట. ఆ ఎంక్వైరీ ఎవరికి ఇచ్చారో తెలుసా సార్, ఆ పనుల బిల్లు మీద సంతకం పెట్టినాయనకే. తన సంతకం తప్పు అని ఆయన ఎట్ట రాస్తాడు? ఆడిట్ పిల్లలు వారం రోజులు ఎండలో తిరిగి తేల్చింది, గ్రామసభలో అందరి ముందూ చదివింది, ప్రజావేదికలో ఒప్పుకున్నది, అంతా ఆ ఒక్క కాగితంతో కొట్టేశారు. రికవరీ ఒక్క రూపాయి కట్టినట్టు మాకైతే ఎవరూ చూపించలా. అమ్మకి రావాల్సిన ఐదు రోజుల కూలి కూడా రాలా.

పది రూపాయలు కట్టి సమాచార హక్కు కింద అడిగా, తీసుకున్న చర్యల నివేదిక ఇవ్వమని. 30 రోజుల్లో ఇవ్వాల్సింది రెండు నెలలకి జవాబొచ్చింది, ఆ సమాచారం మా ఆఫీసులో లేదు, పై ఆఫీసుని అడగండి అని. పై ఆఫీసు వాళ్ళు మళ్ళీ కింద ఆఫీసుకే పంపారు.

ఇంక అమ్మ సంగతి. మాట్లాడిన ఐదుగురికీ పనిలేదు ఇప్పుడు. జాబ్ కార్డు ఉంది, పని అడిగినట్టు రశీదు ఇవ్వరు, రశీదు లేకపోతే అడగనట్టే లెక్క. ఆ ఫీల్డ్ అసిస్టెంట్ అయితే పొయ్యి ఆ ఆడిటోళ్ళనే పని అడుక్కోండి అన్నాడంట మొహం మీదే. అమ్మ నన్నేమీ అనలా. ఒక్కటే అనింది, ఆరోజు నోరు మూసుకుని ఉంటే ఈ ఏడు పనన్నా ఉండేది కదమ్మా అని. ఆ మాట నాకు ఇప్పటికీ గుండెల్లో ఉంది సార్.

సార్, సోషల్ ఆడిట్ అంటే మనదే మొదటి పేరు. ఈ ఉపాధి హామీ పథకం మొదలైందే 2006లో అనంతపురం జిల్లా బండ్లపల్లి నుంచి. ఆడిట్ కోసమే విడిగా సొసైటీ పెట్టింది ఉమ్మడి రాష్ట్రమే, 2009లో. 2012లో సోషల్ ఆడిట్ కోసం ఏకంగా ఒక చట్టమే చేశారు. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ తో సంప్రదించి కేంద్రం పెట్టిన 2011 రూల్స్ లో ఆరునెలలకోసారి ఆడిట్ జరగాలి, తేలినదాని మీద రాష్ట్ర ప్రభుత్వం చర్య తీసుకోవాలి అని రాశారు. మరి జరుగుతున్నదేంది? 2017-18 నుంచి నాలుగేళ్ళలో దేశం మొత్తమ్మీద సోషల్ ఆడిట్లు పట్టుకున్న అక్రమాలు 935 కోట్లు, వసూలైంది పన్నెండున్నర కోట్లు, అంటే నూటికి ఒకటిన్నర కూడా లేదు. పట్టుకోవడం చేతకాక కాదు కదా సార్ ఇది. పట్టుకున్నాక ఆ కాగితం ఎవరి చేతికి పోతందో ఆడ ఆగిపోతంది. కాగ్ రిపోర్టు అసెంబ్లీలో పెడతారు, ఎమ్మెల్యేల ప్రజా పద్దుల కమిటీ (పీఏసీ) కూర్చుని చూస్తది. మా ఊరి రిపోర్టు ఎవరు చూస్తారు?

నేను అడిగేది పెద్దదేం కాదు. బిల్లు పాస్ చేసిన చేతికే ఎంక్వైరీ ఇవ్వొద్దు. ఆ శాఖతో సంబంధం లేనోళ్ళకి ఇవ్వండి, వేరే జిల్లా వాళ్ళకైనా ఇవ్వండి. ఎవరి దగ్గర ఎంత రికవరీ పెట్టారు, ఎంత కట్టారు, పంచాయతీ ఆఫీసు గోడమీద తెలుగులో రాయించండి, చదువురానోళ్ళకి గ్రామసభలో చదివి వినిపించండి. ఎంక్వైరీ మాత్రం ఆ చేతికే ఇవ్వొద్దు సార్, మళ్ళీ మళ్ళీ చెప్తన్నా అనుకోవద్దు. నోరు తెరిచిన మనిషికి పని ఆపితే ఆపినోడి మీద కేసు పెట్టండి. 2005 ఉపాధి హామీ చట్టంలో 25వ సెక్షన్ కింద పెట్టిన జరిమానా ఎంతో మీకు తెలుసు, మహా అయితే వెయ్యి రూపాయలు. ఆ వెయ్యి కూడా మా దగ్గర ఎవరికీ వేసినట్టు నేను వినలా.

మళ్ళీ ఆడిట్ టీం వస్తదంటున్నారు మా ఊరికి. మళ్ళీ గ్రామసభ పెడతారు, మళ్ళీ మైకు ఇస్తారు. ఈసారి అమ్మని లెయ్యమని నేను చెప్పలేను సార్. వాళ్ళు వచ్చేలోపల పోయినసారి తేలినదానికి ఏం చేశారో ఆ గోడమీద రాయించండి. అమ్మ ఐదు రోజుల కూలి ఇప్పించండి. పని ఇప్పించండి.

ఇట్లు,
ఒక ఉపాధి కూలీ కూతురు,
ఉదయగిరి ప్రాంతం, నెల్లూరు జిల్లా