ఇంటర్ ఫ్రెంచ్‌లో వార్తను పరీక్షించడం కూడా నేర్పిద్దాం: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను హైదరాబాద్‌లో ఇంటర్ పిల్లలకు సెకండ్ లాంగ్వేజ్‌గా ఫ్రెంచ్ చెప్పే అధ్యాపకురాలిని. మా పిల్లలు రెండేళ్లు ఫ్రెంచ్ చదివి మంచి మార్కులతోనే బయటికి వెళ్తారు. కానీ ఫోన్‌లో ఫ్రెంచ్ వార్త ఒకటి కనిపిస్తే దాన్ని ఎవరు రాశారో, నమ్మవచ్చో లేదో తేల్చుకోలేరు. ఒక యూనివర్సిటీకి మర్యాదగా నాలుగు వాక్యాల మెయిల్ రాయలేరు. ఇంటర్ ఫ్రెంచ్ సిలబస్‌లో ఈ రెండింటికీ చోటు ఇవ్వండి, మార్కులు కూడా కేటాయించండి అన్నదే నా విన్నపం.

ఫ్రెంచ్‌ను చాలామంది స్కోరింగ్ సబ్జెక్టుగానే తీసుకుంటారు. ఒకపక్క ఈఏపీసెట్ (ఒకప్పటి ఎంసెట్), జేఈఈ టెన్షన్ ఉన్న పిల్లలు సెకండ్ లాంగ్వేజ్ తేలిగ్గా ఉండాలని కోరుకోవడంలో తప్పేమీ లేదు. అయితే వాళ్లలో కొందరికి ఆ భాష రేపు నిజంగానే అవసరమవుతుంది. 2024 రిపబ్లిక్ డేకి ముఖ్య అతిథిగా వచ్చిన ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్, 2030 నాటికి తమ దేశంలో 30,000 మంది భారతీయ విద్యార్థులు ఉండాలన్నది లక్ష్యమని ప్రకటించారు. అందులో మన పిల్లలూ ఉంటారు. వాళ్లు అక్కడ దిగగానే తమ ఫోన్‌లోనే ఫ్రెంచ్ ఎదురవుతుంది.

ఉదాహరణకు ఆరోగ్య బీమా కార్డు. ఫ్రాన్స్‌లో దాన్ని కార్త్ వితాల్ అంటారు. "మీ కొత్త కార్త్ వితాల్ సిద్ధంగా ఉంది, ఈ లింకు నొక్కండి" అంటూ వచ్చే దొంగ ఎస్సెమ్మెస్‌ల గురించి అక్కడి అధికారులు పదేపదే హెచ్చరిస్తున్నారు. లింకు నొక్కితే వివరాలన్నీ అడుగుతారు, చివర్లో డెలివరీ ఖర్చు పేరుతో బ్యాంకు కార్డు నంబరు లాగేస్తారు. అక్కడే పుట్టి పెరిగినవాళ్లే మోసపోతుంటే, వెళ్లి నెల కూడా కాని మన అమ్మాయి సంగతేమిటి? ప్రభుత్వ వెబ్‌సైట్ల చిరునామా చివర గూవ్ డాట్ ఎఫ్ఆర్ (gouv.fr) అని ఉంటుందనీ, ఆరోగ్య బీమా సంస్థ అసలు సైటు పేరు అమెలీ అనీ, అనుమానం వచ్చిన మెసేజ్‌ను 33700 నంబరుకు పంపవచ్చనీ ఒక్క పీరియడ్‌లో చెప్పేయవచ్చు. అద్దె ఇళ్లదీ ఇదే కథ. ఇల్లు చూపించకముందే అడ్వాన్స్ పంపమనే ప్రకటనలో ఏ మాటలు ఉంటాయో ముందే తరగతిలో చదివిన పిల్లలు జాగ్రత్తపడతారు.

ఇక వార్తల దగ్గరికి వస్తాను. 2023 జూన్‌లో విదేశాల ఆన్‌లైన్ దుష్ప్రచారాన్ని పసిగట్టే ఫ్రాన్స్ ప్రభుత్వ సంస్థ విజినమ్ ఒక పెద్ద మోసాన్ని బయటపెట్టింది. ల మోంద్, ల ఫిగారో, ల పారిజియెన్ లాంటి పత్రికల వెబ్‌సైట్లను రష్యా అనుకూల శక్తులు అచ్చుగుద్దినట్టు తయారుచేసి, వాటిలో తప్పుడు కథనాలు పెట్టాయి. అదే లోగో, అదే అక్షరాలు, అదే రంగులు. తేడా అంతా పైనున్న చిరునామా చివర్లోనే ఉంది. ఆ చిరునామాను చూసే అలవాటు ఉంటే చాలు. దానికి గొప్ప ఫ్రెంచ్ అక్కర్లేదు, ఫస్టియర్ పిల్లలైనా పట్టేస్తారు.

వ్యంగ్యం విషయం అంత తేలిక కాదు. ల గొరాఫి అనే సైటు 2012 నుంచి వార్తల రూపంలో హాస్యం రాస్తోంది. మాజీ మంత్రి క్రిస్టీన్ బుతాఁ 2014లో ఒక టీవీ కార్యక్రమంలో ఆ సైటులోని రాతను నిజమనుకుని ప్రస్తావించారు. మాతృభాషలోనే అలా జరిగిందంటే, డిక్షనరీ పట్టుకుని చదివే మన పిల్లవాడికి అది వ్యంగ్యమని ఎలా తెలుస్తుంది?

అన్నిటికంటే నన్ను వేధించేది వ్యాకరణం. ఫ్రెంచ్ పత్రికలు ఇంకా ధ్రువపడని సమాచారాన్ని కండిషనల్ క్రియారూపంలో రాస్తాయి. "ల మినిస్త్ర్ ఒరే దెమిస్యొనే" అని ఉంటే, మంత్రి రాజీనామా చేసినట్టు సమాచారం అని. అంటే పత్రిక ఇంకా పూచీ పడటం లేదు. కండిషనల్‌ను మనం "అయితే, గియితే" వాక్యాలకూ, మర్యాదగా అడగడానికీ వాడతారని చెప్పి వదిలేస్తాం. అందుకే పిల్లలు పై వాక్యాన్ని "మంత్రి రాజీనామా చేశారు" అని చదివేస్తారు. ఫోన్‌లో అనువాదం చేసుకుంటే ఆ కాస్త అనుమానం ఒక్కోసారి అనువాదంలోనే మాయమవుతుంది. ఇది చెప్పాల్సింది కంప్యూటర్ మాస్టారు కాదు. ఫ్రెంచ్ చెప్పేవాళ్లమే చెప్పాలి.

మీడియా పాఠం ఇంగ్లిష్‌లోనో తెలుగులోనో చెబితే సరిపోదా అని అధికారులు అడగవచ్చు. అక్కడా చెప్పాలి. 2018లో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ పుకార్లను ఆపడానికి గద్వాల ప్రాంతంలో పోలీసులు ఊరూరా డప్పులతో, పాటలతో తిరిగిన సంగతి మనకు గుర్తే. కానీ పరాయి భాషలో మోసపోయే తీరు వేరు. తెలుగులో అయితే మాట తీరును బట్టే అనుమానం వస్తుంది. కొత్త భాషలో వాక్యం అర్థం చేసుకోవడానికే బుర్ర అంతా ఖర్చవుతుంది. అర్థమైందన్న సంతోషంలో, ఇది నిజమేనా అన్న ప్రశ్న అసలు పుట్టదు. ప్రతి ఏడాదీ తరగతిలో ఇదే చూస్తున్నాను.

ఫ్రాన్స్ ఈ పనిని చాలాకాలంగా చేస్తోంది. బడుల్లో మీడియా విద్య కోసం క్లెమి అనే సంస్థను 1983లోనే పెట్టారు. 1990 నుంచి ఏటా బడుల్లో పత్రికల వారోత్సవం జరుపుతున్నారు. ఏ సబ్జెక్టు టీచరైనా అందులో పాల్గొనవచ్చు. అయినా ఆ దేశం 2020లో ఒక ఉపాధ్యాయుణ్ణి కోల్పోయింది. సామ్యుయెల్ పతి చరిత్ర, భూగోళం చెప్పేవారు. భావప్రకటనా స్వేచ్ఛ మీద ఆయన చెప్పిన పాఠం గురించి ఒక విద్యార్థిని ఇంట్లో అబద్ధం చెప్పింది. ఆ అమ్మాయి ఆ రోజు తరగతిలోనే లేదు. తండ్రి ఆ మాటలు నమ్మి వీడియోలు పెట్టాడు, అవి చేతులు మారి ఎక్కడికో వెళ్లాయి. అక్టోబరు 16న, ఆయనెవరో కూడా తెలియని ఒక యువకుడు వచ్చి బడి దగ్గరే ఆయన్ను చంపేశాడు. సరిచూడకుండా పంచుకున్న ఒక మాట ఎంత దూరం పోతుందో చెప్పడానికి నాకు ఇంతకంటే బాధాకరమైన ఉదాహరణ తెలియదు.

ఇప్పుడు నేను అడుగుతున్నది వివరంగా చెబుతాను. 2023-24లో ఇంటర్ ఇంగ్లిష్‌కు 20 మార్కుల ప్రాక్టికల్స్ పెట్టారు. ఫ్రెంచ్‌కూ అలాగే 20 మార్కులు ఇవ్వండి. అందులో సగం ఒక చిన్న వార్త మీద ఉండాలి. రాసిందెవరు, ఎప్పుడు రాశారు, ఎవరి మాట ఆధారంగా రాశారు, ఫొటో ఆ సంఘటనదేనా లేక పాతదా, ధ్రువపడని మాట ఏది అని అడగాలి. మిగతా సగం ఆన్‌లైన్ సంభాషణకు. యూనివర్సిటీకో ఇంటి ఓనర్‌కో రాసే మెయిల్‌లో "వు" (మీరు) అని రాయాలో "త్యు" (నువ్వు) అని రాయాలో, ఎలా మొదలుపెట్టి ఎలా ముగించాలో పిల్లలకు తెలియాలి. ఇది నా సొంత ఊహ కాదు. యూరప్ భాషా ప్రమాణాల పత్రానికి 2020లో వచ్చిన అనుబంధంలో ఆన్‌లైన్ సంభాషణను ప్రత్యేక నైపుణ్యంగా చేర్చారు.

దీనివల్ల పిల్లల మార్కులు తగ్గుతాయని తల్లిదండ్రులు భయపడతారు. తగ్గనక్కర్లేదు. అడిగే ప్రశ్నలు ఎలా ఉంటాయో ముందే తెలిస్తే, బట్టీ పట్టే పిల్లలకంటే గమనించే పిల్లలకు ఇవి ఇంకా తేలిక.

తరగతిలో ఫోన్లు ఇవ్వాల్సిన పని కూడా లేదు. 2018 ఆగస్టులో చట్టం చేసి చిన్న తరగతుల్లో ఫోన్లను నిషేధించిన ఫ్రాన్సే మీడియా పాఠాలు మాత్రం మానలేదు. ఒక ప్రొజెక్టర్, అది లేకపోతే రెండు ప్రింటవుట్లు చాలు. పాఠ్య సామగ్రికి పెద్దగా ఖర్చు కూడా ఉండదు. ఫ్రెంచ్ రేడియో ఆర్‌ఎఫ్‌ఐ, ఫ్రెంచ్ టీవీ చానల్ టీవీ5మోంద్ భాష నేర్చుకునేవాళ్ల కోసం సులువైన ఫ్రెంచ్‌లో వార్తలు, అభ్యాసాలు ఉచితంగా ఇస్తున్నాయి.

కావలసిందల్లా మాకు శిక్షణ. ఇది చదువుకుని వచ్చినవాళ్లం కాదు మేం. ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూ మన హైదరాబాద్‌లోనే ఉంది, ఫ్రెంచ్ నేర్పే సంస్థ అలియాన్స్ ఫ్రాన్సేజ్ కూడా ఉంది. వేసవి సెలవుల్లో కొద్ది రోజుల శిక్షణ ఏర్పాటు చేయమని ప్రభుత్వం అడిగితే కాదంటారని నేను అనుకోను. సిలబస్ కమిటీ ఈసారి కూర్చున్నప్పుడు, పాఠం చెప్పే ఇద్దరు ముగ్గురు ఫ్రెంచ్ అధ్యాపకులను కూడా పిలవండి. నమూనా ప్రశ్నపత్రం తయారుచేసి పట్టుకొస్తాం.

ఇట్లు,
ఒక ఫ్రెంచ్ అధ్యాపకురాలు,
హైదరాబాద్