గబ్బిలం సంగతి సరే, గిటార్ వాయించినాయన గురించి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

2025 జూలైలో బ్లాక్ సబ్బాత్ అనే ఇంగ్లాండ్ రాక్ బ్యాండ్ పాటగాడు ఆజీ ఆస్బోర్న్ చనిపోయినప్పుడు మీ పేపర్‌లో వచ్చిన వార్త చదివి చాలా బాధపడ్డాను. స్టేజీ మీద గబ్బిలం తల కొరికిన సంగతి హెడ్డింగ్‌లోనే పెట్టారు, వాళ్లు వాయించే హెవీ మెటల్ అనే రాక్ సంగీతం అంటే చెవులు పగిలే గోల అని కూడా రాశారు. ఆ సంగీతానికి అసలు రూపం ఇచ్చిన గిటారిస్టు టోనీ అయోమీ పేరు మాత్రం ఒక్క లైన్‌లో కూడా లేదు. బ్లాక్ సబ్బాత్‌లో పాడేవాళ్లు ఎంతమంది మారినా, 1970లో మొదటి ఆల్బం వచ్చినప్పటి నుంచి 2017లో ఇంగ్లాండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో చివరి టూర్ ముగిసేదాకా ఎక్కడా తప్పుకోకుండా ఉన్నది ఆయనొక్కడే.

అయోమీ అదే ఊళ్లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. పదిహేడేళ్లకు ఒక బ్యాండ్‌లో చోటు దొరికి పని మానేశాడు. ఆఖరి రోజు మధ్యాహ్నం తిండికి ఇంటికొచ్చి ఇక పోనంటే, మొదలుపెట్టిన పని పూర్తిచేసి రమ్మని తల్లి పంపించింది. ఆ రోజు ప్రెస్ మిషన్ మనిషి రాలేదని, దాన్ని ఎన్నడూ ముట్టని ఇతన్ని దాని ముందు నిలబెట్టారు. కుడిచేతి నడిమి వేలు, ఉంగరం వేలు కొసలు తెగిపోయాయి. ఆయనది ఎడమచేతి వాటం, తీగలు నొక్కేది ఆ వేళ్లతోనే.

ఇక వాయించలేవన్నారు డాక్టర్లు. ఫ్యాక్టరీలో పెద్దాయన ఒకరు జాజ్ గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్ రికార్డు తెచ్చి వినిపించి, ఈయనకు కూడా ఎడమచేతిలో రెండు వేళ్లు పనిచేయవని చెప్పాడు. అప్పుడు అయోమీ గిన్నెలు తోమే లిక్విడ్ ప్లాస్టిక్ సీసా కరిగించి, ఉండ చేసి, వేలు పట్టేలా బొక్క చేసి, గరుకు కాగితంతో రుద్ది, తీగ జారకుండా పైన పాత జాకెట్ తోలు ముక్క అతికించుకున్నాడు. ఆ తొడుగుల్లోంచి తీగ స్పర్శ తెలియదు కాబట్టి ఎంత గట్టిగా నొక్కాలో చెవితోనే పసిగట్టాలి. మామూలు తీగలు నొప్పి పెడితే సన్నటి బాంజో తీగలు కట్టాడు. 1971లో బ్లాక్ సబ్బాత్ మూడో ఆల్బంకు శ్రుతిని కూడా బాగా కిందికి దించేశాడు, తీగలు వదులై వేళ్లకు సుఖం, సౌండేమో ఇంకా బరువెక్కింది. తర్వాత వచ్చిన మెటల్ బ్యాండ్లు ఎన్నో ఆ దారే పట్టాయి. మీరు గోల అన్నది దీన్నే!

2012లో క్యాన్సర్ బయటపడితే చికిత్స తేదీలు చూసుకుని షోలు పెట్టుకున్నాడు, మరుసటి ఏడాది కొత్త ఆల్బం తెచ్చాడు.

ఇదంతా వరంగల్ పేపర్‌కు ఎందుకంటారా? ములుగు రోడ్డు వైపు మా వాడలో ఒక పిల్లగాడు ఇంటర్ అయ్యాక కూలర్ డబ్బాలు చేసే షాపులో చేరాడు. రేకులు కోసే మనిషి పెళ్లికి పోయాడని, నేర్పకుండానే వీడిని మిషన్ మీద కూర్చోబెట్టారు. ఉంగరం వేలు కొస పోయింది. ఆదివారం చర్చిలో గిటార్ వాయించే పిల్లగాడు, ఇంట్లోవాళ్లు ఆ గిటార్ తీసి అటక మీద పెట్టేశారు. అయోమీ తొడుగుల సంగతి చెబితే వాడు మొదట అడిగింది, "అన్నా, తోలు దేంతో అతికించిండు?" అని.

కాబట్టి గబ్బిలం పక్కన పెట్టి ఈయన గురించి పూర్తిగా రాయండి. సినిమా పేజీలో వద్దు, జిల్లా పేజీలో వేయండి, ఆ ప్రెస్ మిషన్ సంగతి కూడా వదలకుండా. సంక్రాంతి దాటితే కూలర్ షాపుల్లో కొత్త పిల్లలను పనికి పెట్టుకుంటారు, ఆలోపే వస్తే మంచిది.

– ఒక పాఠకుడు, వరంగల్