వార్షిక నివేదిక – సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పణ

అధ్యక్షులకు, కార్యవర్గానికి, తల్లిదండ్రులందరికీ నమస్కారం.

సంఘం ఆశయాలు మీకు తెలిసినవే, మళ్లీ చదవను. నెలవారీ సమావేశాలు, ఆదివారం కథల పూట ఎప్పటిలాగే నడిచాయి. వేసవి గ్రంథాలయానికి డాబా మీది గది ఇచ్చి, కరెంటు బిల్లు కూడా తీసుకోని మూడో లైను దంపతులకు, అడిగిన ప్రతిసారీ కుర్చీలు పంపిన షామియానా షాపువారికి, పుస్తకాలకు అట్టలు వేసిన అమ్మమ్మలకు కృతజ్ఞతలు.

ఈ ఏడాది గర్వంగా చెప్పుకోవాల్సింది నవంబరు 26, రాజ్యాంగ దినోత్సవం. పిల్లలు బిజో ఇమ్మాన్యుయేల్ కేసును నాటకంగా వేశారు. 1985లో కేరళలో బిజో, బినూమోల్, బిందు అనే అన్నాచెల్లెళ్లను బడి నుంచి పంపేశారు. వాళ్లు యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖవారు. జాతీయగీతం వచ్చినప్పుడు గౌరవంగా లేచి నిలబడేవారు కానీ, తమ విశ్వాసం ఒప్పుకోదని పాడేవారు కాదు. తండ్రి కోర్టుకెక్కారు. హైకోర్టులో ఓడినా, 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు పిల్లల్ని తిరిగి చేర్చుకోమంది. తీర్పు రాసిన జస్టిస్ చిన్నపరెడ్డి మన తెలుగువారే.

స్క్రిప్టులో పెద్దల చెయ్యి లేదు. ప్రభుత్వ లాయరు వేషంలో ఉన్న అమ్మాయి “అందరూ పాడుతుంటే మీకేం?” అని గద్దించింది. బిందుగా వేసిన చిన్నది రాసిచ్చిన జవాబు మర్చిపోయి, “నిలబడ్డాం కదండీ!” అంది. హాలంతా చప్పట్లు. తీర్పులోని కీలకం కూడా ఇంచుమించు అదే.

తర్వాత ఒక అబ్బాయి లేచి, బళ్లో ప్రార్థన చేయనంటే ఊరుకుంటారా అని అడిగాడు. వాళ్ల నాన్న వెంటనే “మావాడు అలా అనడండీ” అని కూర్చోబెట్టారు. అడిగింది ఆయన్ని కాదు. ప్రభుత్వ గుర్తింపు లేదా ఎయిడ్ ఉన్న బడిలో మైనరును మతారాధనలో పాల్గొనమనాలంటే సంరక్షకుల అనుమతి ఉండాలని రాజ్యాంగం 28(3) అధికరణం చెబుతోంది. అంటే సంతకం మనది. పెట్టేముందు పిల్లల్ని అడిగేవాళ్లు మనలో ఎందరు? 1992లో భారత్ చేరిన ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 14వ అధికరణం తల్లిదండ్రులకు దారి చూపే హక్కు ఇస్తూనే, అది బిడ్డకు పెరుగుతున్న తెలివికి తగ్గట్టు ఉండాలంది. పదో తరగతి పిల్లాడితో ఒకటో తరగతి వాడితో మాట్లాడినట్టు మాట్లాడితే కుదరదు.

ఈ విషయంపై బళ్లలో తల్లిదండ్రుల సమావేశం పెట్టించమని సంబంధిత ఆఫీసుకు ఉత్తరాలు రాశాం. జవాబు లేదు. ఫోన్ చేస్తే “సార్ మీటింగులో ఉన్నారు” అంటారు. సార్ ఏడాదంతా మీటింగులోనే ఉన్నారు.

మనవాళ్లూ తక్కువేం కాదు. వాట్సాప్‌లో బొటనవేలు చూపినవారంతా నాటకం రోజు వచ్చి ఉంటే, వేదిక ఊడ్చే పని ఇద్దరు తల్లుల మీద పడేది కాదు.

లెక్కలు ఆడిట్ అయ్యాయి, కొద్దిగా మిగులు ఉంది, కాపీ కోశాధికారి దగ్గర చూడవచ్చు.

వచ్చే ఏడాది కథల పూటకు మనుషులు కావాలి. దయచేసి టీ తాగి వెళ్లిపోకుండా, బల్ల మీది కాగితంలో పేరు రాసి వెళ్లండి.

– కార్యదర్శి