మునిగిన ఊళ్ల చిత్రాలకు జాబితా కావాలి

సంపాదకులకు,

నారాయణపేట జిల్లా ముడుమాల్‌లోని ఆదిమకాలపు నిలువురాళ్లకు 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చోటు దక్కినప్పటి నుంచి దక్షిణ తెలంగాణ పురావస్తు సంపద మళ్లీ చర్చకు వస్తోంది. సంతోషమే, కానీ కృష్ణా జలాశయాల కింద పోయిన స్థలాల తవ్వకాల రికార్డులు, విమానం నుంచి తీసిన చిత్రాలు ఏ బీరువాలో ఉన్నాయన్నది కూడా చర్చకు రావాలి.

నేలమీద నడిచేవారికి అందనిది పైనుంచి అందుతుందని నూరేళ్ల కిందటే తేలింది. బ్రిటన్ పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వేలో పురావస్తు అధికారిగా పనిచేసిన క్రాఫర్డ్, స్టోన్‌హెంజ్ రాతి కట్టడానికి వెళ్లే ప్రాచీన బాటలో మరుగునపడ్డ భాగాన్ని 1923లో వైమానిక దళం చిత్రాల్లోనే పోల్చుకున్నారు. పూడిన గోడ మీద పైరు గిడసబారుతుంది, పూడిన కందకం మీద ఏపుగా లేస్తుంది. మన పాటిగడ్డల (పాత ఊళ్ల దిబ్బల) మీది జొన్నచేలలో రైతు ఆ తేడాను చూస్తూనే ఉంటాడు గానీ, అది గోడ గీతగా తెలియాలంటే పైనుంచే చూడాలి. 1940లో సౌతాంప్టన్‌లోని ఆ సర్వే కార్యాలయం మీద బాంబులు పడి ఎన్నో రికార్డులు కాలిపోగా, క్రాఫర్డ్ ముందుజాగ్రత్తగా తన ఇంటికి చేర్చుకున్నవి దక్కాయి. మన రికార్డులకు బాంబులు అక్కరలేదు; చెమ్మ, చెదలు, ఆఫీసుల మార్పిడి చాలు.

నాగార్జునసాగర్ నీళ్లు చేరేలోగా నాగార్జునకొండలోనూ, ఇటు నల్లగొండ ఒడ్డున ఏలేశ్వరంలోనూ తవ్వకాలు జరిగాయి. శ్రీశైలం ముంపు నుంచి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో తిరిగి కట్టారు. అలా విప్పి తేలేని పాటిగడ్డలకు, రాకాసిగుళ్లకు (ఆదిమకాలపు రాతి సమాధులకు) మాత్రం నాటి ఫొటోలు, ప్లానులు, కొలతల పుస్తకాలే సాక్ష్యం. ఫొటో వెనుక ఊరి పేరు, తేదీ, ఏ దిక్కు నుంచి తీశారన్న మూడు ముక్కలు లేకపోతే అది ఉండీ లేనట్టే కాబట్టి, నాటి ఉద్యోగుల్లో గుర్తుపట్టగలవారు ఉండగానే ఆ వివరాలు రాయించుకోవాలి.

విమాన చిత్రాలకు భద్రతా నిబంధనలు ఉన్న మాట నిజమే. అయితే 1960–72 నాటి ‘కరోనా’ అనే నిఘా ఉపగ్రహాల చిత్రాలను అమెరికాయే 1995లో బయటపెట్టింది. నీళ్ల కిందున్న ఊరికి ఇంకా దాపరికమేమిటో అర్థం కాదు. విమాన చిత్రాల కోసం రాష్ట్ర వారసత్వ శాఖ దేశ పటాల సంస్థ సర్వే ఆఫ్ ఇండియాను సంప్రదించాలి. ఏలేశ్వరం తవ్వకాలు ఉమ్మడి రాష్ట్రం నాటివి గనుక ఆంధ్రప్రదేశ్ వద్ద ఉన్న కాగితాలనూ కలుపుకొని, నల్లగొండ దగ్గరి పానగల్లు మ్యూజియంలో అందరూ చూసుకునేలా జాబితా పెట్టాలి. చిత్రాల డిజిటలీకరణ ఆ తర్వాత జరిగినా ఫరవాలేదు; ఏవి ఉన్నాయో, ఏవి పోయాయో ముందు రాతపూర్వకంగా తేలాలి.

– ఒక చరిత్ర ఉపాధ్యాయుడు, దేవరకొండ