ఈ నెల స్కూల్ అసెంబ్లీలో చెప్పిన జాక్ మిల్లర్ గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

ఫిబ్రవరి 28, సైన్స్ దినోత్సవం దగ్గర పడింది. ఈసారి అసెంబ్లీలో పిల్లలకు జాక్ మిల్లర్ అనే వైద్య శాస్త్రవేత్త గురించి చెప్పాను. ఇంటికొచ్చి సగమే చెప్పి ఉంటే, మిగతాది ఇదిగో.

ఆయన 1931లో ఫ్రాన్స్‌లోని నీస్‌లో పుట్టారు. అక్క క్షయతో పోయింది. ఆ దుఃఖమే ఆయన్ని వైద్యం వైపు నడిపింది. అప్పట్లో చైనాలో ఉంటున్న ఆ కుటుంబం రెండో ప్రపంచ యుద్ధం వల్ల అది వదిలి ఆస్ట్రేలియాలోని సిడ్నీ చేరింది. అక్కడ చదివి, పరిశోధనకు లండన్ వెళ్లారు.

రొమ్ము ఎముక వెనక థైమస్ అనే చిన్న గ్రంథి ఉంటుంది. దానికి పనేమీ లేదని అప్పట్లో పెద్ద పెద్దవాళ్లే అనుకునేవారు. మిల్లర్ ఎలుకల్లో రక్త క్యాన్సర్ మీద పనిచేస్తూ, అప్పుడే పుట్టిన ఎలుక పిల్లల్లో ఆ గ్రంథిని తీసేశారు. కొన్నాళ్లకు అవి చిక్కిపోయి, జబ్బుపడి చనిపోసాగాయి. మరో రకం ఎలుక చర్మం అతికిస్తే శరీరం తిరస్కరించాలి కదా, వీటిలో అతుక్కుపోయి, దాని మీద వెంట్రుకలు కూడా మొలిచాయి! నాకు ఈ కథలో ఇష్టమైన ఘట్టం ఇదే. ఆయన వెతికింది ఒకటి, కనిపించింది ఇంకొకటి. కనిపించినదాన్ని పక్కన పెట్టేయలేదు.

1961లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఆ ఫలితం వచ్చింది. చాలామంది నమ్మలేదు. పాత గుర్రపుశాలలో పెంచిన ఎలుకలకు ఏ ఇన్ఫెక్షనో తగిలి ఉంటుందన్నారు. ఆయన వాదనకు దిగలేదు. అమెరికా వెళ్లి, అసలు క్రిములే లేని చోట పెంచిన ఎలుకల మీద మళ్లీ చేశారు. అవి చిక్కిపోలేదు, కానీ పరాయి చర్మాన్ని అప్పుడూ తిరస్కరించలేదు. అంటే పరాయివాటిని గుర్తించి తిరస్కరించే రక్షణ కణాలు థైమస్‌లోనే తయారవుతాయన్నమాట. వాటినే ఇప్పుడు టీ కణాలంటున్నాం. మన స్విమ్స్ ఆసుపత్రిలో కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు రోజూ మందులు వేసుకునేది వాటిని అదుపులో ఉంచడానికే. 2019లో ఆయనకు వైద్య పరిశోధనకు ఇచ్చే లాస్కర్ పురస్కారం వచ్చింది.

సిలబస్‌లో లేనివి ఎందుకు చెబుతున్నారని కిందటి మీటింగ్‌లో కొందరు అడిగారు. మార్కుల టెన్షన్ నాకూ తెలుసు. అయినా పిల్లల ప్రశ్నలను పరీక్షల తర్వాతకి వాయిదా వేయడం నాకు ఇష్టం లేదు.

6 నుంచి 9 తరగతుల పిల్లలు తమ శరీరం గురించి తలా ఒక ప్రశ్న నోటుబుక్కులో రాసి తెస్తారు. దయచేసి మీరు రాసివ్వకండి, ఫోన్‌లో వెతికి జవాబూ పెట్టకండి. ఈ శనివారం వాళ్లను అలిపిరి దగ్గరి సైన్స్ సెంటర్‌కి తీసుకెళ్తున్నాం. సంతకం పెట్టిన అనుమతి పత్రం గురువారంలోగా పంపండి. నీళ్ల సీసా, టోపీ ఇచ్చి పంపితే చాలు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు,
తిరుపతి