తిరిగి తీసి చూశావా, చిన్నీ?

చిన్నీ,

నీ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చి ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. "పనిలో ఉన్నానమ్మా, అంతా బ్యాకప్ ఉంది, కంగారుపడకు" అన్నావు. నేనడిగింది నీ నడుం నొప్పి ఎలా ఉందని. బ్యాకప్ మాట నేనెత్తనే లేదు. అడగని దానికి జవాబు వచ్చిందంటే నీ మనసులో అదే మెదులుతోందన్నమాట. మొన్న పిన్ని మాటల మధ్యలో అంది, మీ ఆఫీసులో వరసగా మూడు రాత్రులు లైట్లు ఆర్పలేదట, సర్వర్ ఏదో మొరాయించిందట. తనకెవరు చెప్పారో నేను అడగలేదు.

మేమంతా బాగానే ఉన్నాం. నాన్నకి కొత్త కళ్లజోడు వచ్చింది కానీ పాతదే పెట్టుకుంటున్నారు. అన్నయ్య అటక మీది పెట్టెలన్నీ సర్దుతానని దించి, సగంలో వదిలేశాడు. వాటిలో నీ పాత ల్యాప్‌టాప్ కనబడింది. పారేస్తానంటే నేనే ఆపాను, దానితో ఒక పని ఉంది, చివర్లో రాస్తాను. ఫోనులో అయితే "సరేమ్మా" అని పెట్టేస్తావు కాబట్టి ఇదంతా రాస్తున్నాను. కూర్చుని చదువు. నిటారుగా కూర్చో.

"బ్యాకప్ ఉంది" అనాలంటే, ఆ బ్యాకప్‌ని ఒక్కసారైనా వేరే మెషిన్ మీదికి తిరిగి తీసి, తెరిచి, దాని మీద ఒక బిల్లు కొట్టి చూసి ఉండాలి. చూశావా? చూడకపోతే నీ దగ్గరున్నది బ్యాకప్ అవుతుందనే ఆశ మాత్రమే.

ముందు రెండు లెక్కలు వేసుకో. ఎంత డేటా పోయినా తట్టుకోగలవన్నది మొదటిది, దాన్నే ఆర్‌పీఓ అంటారు. రాత్రి పదకొండుకి బ్యాకప్ అయ్యి, మర్నాడు సాయంత్రం నాలుగింటికి డిస్క్ పోయిందనుకో. మధ్యలో 17 గంటల పని పోయినట్టే. ఆ బిల్లులు కాగితాలు చూసి మళ్లీ ఎక్కించగలవా? ఎక్కించలేకపోతే బిల్లింగ్ డేటాబేస్‌కి గంటకో బ్యాకప్ కావాలి. పాత ఫొటోలకీ బ్రోషర్లకీ వారానికొకటి చాలు. అన్నిటికీ ఒకే షెడ్యూల్ పెడితే ముఖ్యమైనదానికి తక్కువవుతుంది, అక్కర్లేనిదానికి ఎక్కువవుతుంది.

పని ఆగి ఎంతసేపు ఉండగలవన్నది రెండోది, అది ఆర్‌టీఓ. అందరూ పొరబడేది ఇక్కడే. 500 జీబీ డేటా క్లౌడ్‌లో ఉంది, నీ లైను 100 ఎంబీపీఎస్ అనుకో. అంటే సెకనుకి 12.5 ఎంబీ. క్షణం కూడా వేగం తగ్గకుండా వచ్చినా 40,000 సెకన్లు, పదకొండు గంటల పైమాటే. 2 టీబీ ఉండి లైను 50 ఎంబీపీఎస్ అయితే మూడున్నర రోజులు దాటుతుంది. అదే 500 జీబీ టేబుల్ మీదున్న యూఎస్‌బీ 3.0 హార్డ్‌డిస్క్ నుంచి సెకనుకి 100 ఎంబీ చొప్పున గంటన్నరలోపే వచ్చేస్తుంది. చిన్న చిన్న ఫైళ్లు లక్షల్లో ఉంటే ఈ లెక్కలన్నీ ఇంకా సాగుతాయి. అందుకే క్లౌడ్ కాపీ ఒక్కటే సరిపోదు, దగ్గరున్న కాపీ ఒక్కటే కూడా సరిపోదు. మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి వేరే చోట. పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ జనానికి అలవాటు చేసిన లెక్క ఇది, ఇప్పటికీ మారలేదు.

మూడు రాత్రులంటే మామూలు విషయం కాదు, చిన్నీ. డిస్క్ పోయిందా, లేక ఎవరైనా ఫైళ్లకి తాళం వేసి డబ్బడుగుతున్నారా?

సరే, ఒక సంగతి చెబుతాను. కొంచెం పొడుగు, అయినా చదువు. 2017 జనవరి 31న ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ అనే సైటు వాళ్లకి జరిగింది. స్పామ్ వల్ల డేటాబేస్ మీద లోడ్ పెరిగి, రెండో సర్వర్‌కి వెళ్లాల్సిన కాపీ వెనకబడి ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టాలంటే ఆ రెండో సర్వర్‌లో డేటా ఫోల్డర్ ఖాళీ చేయాలి. అప్పటికి బాగా రాత్రయింది, ఇంజనీరు అలసిపోయి ఉన్నాడు. ఖాళీ చేసే కమాండ్ కొట్టాడు. కొట్టింది రెండో సర్వర్ మీద కాదు, అసలు సర్వర్ మీద. ఒకటి రెండు సెకన్లలో గమనించి ఆపాడు కానీ అప్పటికే దాదాపు 300 జీబీ పోయింది.

అప్పుడు బ్యాకప్‌ల కోసం వెతికారు. రోజూ డేటాబేస్ డంప్, అంటే మొత్తం డేటాని ఫైల్‌గా దించుకునే కాపీ, తీసే ఏర్పాటు ఉంది. వెళ్లి చూస్తే వాటిని దాచే క్లౌడ్ బకెట్ ఖాళీ. డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్ 9.6 వెర్షన్, డంప్ తీసే టూల్ 9.2. వెర్షన్ కలవక ప్రతిసారీ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతోంది. ఫెయిలైతే మెయిల్ వచ్చే ఏర్పాటూ ఉంది. కానీ ఆ మెయిళ్లకి పంపినవాళ్లెవరో రుజువు చేసే డీమార్క్ ఏర్పాటు లేదని అవతలి మెయిల్ సర్వర్ తిప్పికొడుతోంది. ఎవరికీ ఏ మెయిలూ రాలేదు, రాకపోతే అంతా బాగున్నట్టే అనుకున్నారు. డిస్క్ స్నాప్‌షాట్లు, అంటే ఆ క్షణానికి డిస్క్ ఎలా ఉందో అలా పట్టే నకళ్లు, ఫైల్ సర్వర్లకి పెట్టారు, మిగతా బ్యాకప్‌లు ఉన్నాయిగా అని డేటాబేస్ సర్వర్లకి పెట్టలేదు. చివరికి దొరికింది ఒక్కటే. ఆరు గంటల ముందు అదే ఇంజనీరు పరీక్షల కోసం చేత్తో తీసుకున్న స్నాప్‌షాట్. అదీ నెమ్మదైన డిస్క్ మీద ఉండటంతో, అక్కణ్నుంచి కాపీ చేసి సైటు లేపేసరికి దాదాపు 18 గంటలు పట్టింది. జనం రాసుకున్న కోడ్ భద్రంగానే ఉంది కానీ సుమారు 5,000 ప్రాజెక్టుల వివరాలు, 5,000 కామెంట్లు, 700 కొత్త ఖాతాలు పోయాయి. ఇదంతా వాళ్లే దాచకుండా బయటికి రాశారు, అందుకు వాళ్లంటే నాకు గౌరవం.

అంత మంది ఇంజనీర్లున్న చోటే అలా జరిగింది. మీరు ఆరుగురు. ఫెయిలైతే మెయిల్ వస్తుందని కూర్చోకు. బ్యాకప్ అయినప్పుడు కూడా రావాలి, అందులో సైజు ఉండాలి. నిన్న 40 జీబీ ఉన్నది ఇవాళ 2 జీబీ అయితే ఎవరో ఒకరు అడగాలి. ఆ మెయిల్ ఏ రోజైనా రాకపోతే, అది ఫెయిలైనట్టే లెక్క.

డ్రైవ్ ఫోల్డర్‌లో అన్నీ ఉన్నాయని నువ్వొకసారి అన్నావు. సింక్ బ్యాకప్ కాదమ్మా. ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా పోతుంది, ఇక్కడ ఫైల్ పాడైతే పాడైనదే అక్కడికీ వెళ్తుంది. గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో 30 రోజులుంటుంది, ఆఫీసు వన్‌డ్రైవ్‌లో 93 రోజులు. నాలుగు నెలల కిందట మానేసి వెళ్లిన మనిషి తుడిచేసిన ఫోల్డర్ కోసం వెతికేసరికి ఆ గడువు దాటిపోతుంది. కొన్ని డిస్కుల్ని జతచేసి వాడే రెయిడ్ కూడా అంతే. డిస్క్ చెడిపోతే కాపాడుతుంది, చెయ్యి జారితే కాపాడదు.

ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే రాన్సమ్‌వేర్ అయితే ముందు బ్యాకప్‌నే వెతుకుతుంది. విండోస్ దాచుకున్న షాడో కాపీలు చెరిపేస్తుంది, ఆ మెషిన్‌కి కనబడే ప్రతి డ్రైవ్‌నీ తాళం వేస్తుంది. అందుకని న్యాస్‌ని, అదే నెట్‌వర్క్‌లో అందరూ వాడే డిస్క్ పెట్టెని, డ్రైవ్ లెటర్ ఇచ్చి మ్యాప్ చేసి ఉంచకు. అందులోకి రాసే ఖాతా ఇంకే కంప్యూటర్‌లోనూ వాడనిదై ఉండాలి. క్లౌడ్ బకెట్‌కి ఆబ్జెక్ట్ లాక్ పెట్టు, 30 రోజులు నువ్వు కూడా చెరపలేనట్టు. దాంతోపాటు రెండు యూఎస్‌బీ డిస్కులు కొని ఎ, బి అని లేబుల్ అంటించు. ఒకటి ఆఫీసులో, ఒకటి ఇంట్లో. వారానికోసారి మార్చు. బ్యాకప్ అవగానే వైరు ఊడదియ్. గుచ్చి వదిలేసిన డిస్క్ ఆ కంప్యూటర్‌తో పాటే పోతుంది. నెలాఖరు కాపీలు ఏడాది పాటు ఉంచు, దొంగ లోపలికొచ్చిన రోజు వేరు, బయటపడిన రోజు వేరు. డేటాబేస్ నడుస్తుండగా దాని ఫైళ్లని మామూలుగా కాపీ చేస్తే సగం రాసిన పేజీలు వస్తాయి, తెరిస్తే తెరుచుకోవు. డంప్ తియ్, లేదా నడుస్తున్న ఫైళ్లని ఒక్క క్షణానికి పట్టి ఇచ్చే విండోస్ వీఎస్ఎస్ వాడే సాఫ్ట్‌వేర్‌తో తియ్.

తాళాల సంగతి. బిట్‌లాకర్, అంటే డిస్క్ మొత్తానికి విండోస్ వేసే తాళం, ఉన్న డిస్క్‌ని వేరే మెషిన్‌లో పెడితే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వల్ల 85 లక్షల విండోస్ మెషిన్లు పడిపోయాయని మైక్రోసాఫ్ట్ లెక్కగట్టింది. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక ఫైల్ తీసేస్తే లేచేవే. కానీ దానికి కీ కావాలి, కొందరి కీలేమో పడిపోయిన సర్వర్లలోనే ఉన్నాయి. నీ కీలు ఎక్కడున్నాయి? కాగితం మీద రాయి. ఎనిమిది గుంపులు, గుంపుకి ఆరు అంకెలు. నాన్న దగ్గర కూర్చుని ఆయన చదువుతుంటే నువ్వు సరిచూసుకో, కొత్త కళ్లజోడు అప్పుడైనా పెట్టుకుంటారు.

ఆ కాగితాల ఫైల్‌లోనే బ్యాకప్ ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్, టూ ఫ్యాక్టర్ రికవరీ కోడ్లు, ఇంటర్నెట్ కంపెనీ కస్టమర్ నంబరు, డొమైన్, అంటే మీ వెబ్‌సైటు పేరు, నమోదు చేసిన రిజిస్ట్రార్ లాగిన్ ఉండాలి. డొమైన్ ఖాతాకి ఇచ్చిన మెయిల్ అదే డొమైన్ మీద ఉందేమో చూడు. డొమైన్ గడువు దాటితే మెయిల్ ఆగుతుంది, మెయిల్ ఆగితే పాస్‌వర్డ్ మార్చే లింక్ రాదు. బయటి మెయిల్ ఒకటివ్వు.

పిన్ని చెప్పింది నిజమే అయితే, ఇంకా ఏదైనా మెషిన్ వింతగా ఉంటే, ముందు నెట్‌వర్క్ వైరు పీకు, వైఫై ఆపు. కంప్యూటర్ ఆఫ్ చేయకు, రీస్టార్ట్ చేయకు, మెమరీలో ఉన్న ఆధారాలు పోతాయి. స్క్రీన్ ఫొటో తియ్. కంగారులో బ్యాకప్ డిస్క్ మాత్రం గుచ్చకు. పాస్‌వర్డ్‌లు వేరే శుభ్రమైన మెషిన్ నుంచి మార్చు. నో మోర్ రాన్సమ్ అని యూరప్ పోలీసు సంస్థ యూరోపోల్, డచ్ పోలీసులు కలిసి 2016లో మొదలుపెట్టిన సైటుంది, కొన్ని రకాలకి అక్కడ ఉచితంగా తాళం తీసే టూల్స్ దొరుకుతాయి. డబ్బు మాటకి ముందు అక్కడ చూడు.

ఇక ల్యాప్‌టాప్. అన్నయ్య దానికి కొత్త ఎస్ఎస్‌డీ వేశాడు. ఒక సెలవు రోజు చూసుకుని, ఆఫీసు సర్వర్ లేదనుకో. నీ చేతిలో ఉన్నవి బి డిస్క్, కాగితాల ఫైల్, ఈ ల్యాప్‌టాప్, అంతే. టైమ్ రాసుకుని మొదలుపెట్టు. నెట్‌వర్క్ కలపకు, లేకపోతే లేచిన కాపీ కూడా షెడ్యూల్ ప్రకారం కస్టమర్లకి మెయిళ్లు పంపేస్తుంది. బూట్ కాకుండా నీలం తెర వస్తే బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల్లో, డిస్క్ మోడ్ చూడు, సర్వర్‌లో రెయిడ్ అని ఉండి ఇక్కడ ఏహెచ్‌సీఐ అని ఉంటే అలా అవుతుంది. అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ కొత్త హార్డ్‌వేర్ చూసి లైసెన్స్ అడుగుతుంది, ఆ నంబరు కాగితంలో లేకపోతే అక్కడే ఆగిపోతావు. ఆగిన ప్రతి చోటా ఒక ముక్క రాసుకో. బిల్లు కొట్టగలిగిన నిమిషం కూడా రాయి. రెండోసారి నువ్వు చెయ్యకు, ఆ రాసిన కాగితం మీ జూనియర్ చేతిలో పెట్టి నువ్వు పక్కన కూర్చో.

మళ్లీ ఉపన్యాసం అయిపోయింది, నాలుగు ముక్కలే రాద్దామనుకున్నాను. ల్యాప్‌టాప్ అన్నయ్య తెస్తాడు. ఛార్జర్ వైరు మెడ దగ్గర నలిగింది, ఎక్కువ వంచకు. సంచిలో నీ నడుం పట్టీ కూడా పెట్టాను, కూర్చునేటప్పుడు పెట్టుకో. యూపీఎస్ బ్యాటరీ వేసి నాలుగేళ్లయి ఉంటుంది, మార్పించు, లేజర్ ప్రింటర్ ఆ ప్లగ్‌లో ఉంటే తీసెయ్.

నేను రాశానని పిన్నికి చెప్పకు. ఆ మూడు రాత్రులూ ఏమైందో మాత్రం నాకు చెప్పు. పోయింది పోయినా సరే, చెప్పు.

అమ్మ